ఎముక నేర్చుకునే పాఠం

పాఠ్యభాగ పరిచయం

ప్రాణమున్న ప్రతి కణం తనపై పడే బరువును, ఒత్తిడిని, సాగుదలను గుర్తిస్తుంది. గుర్తించి దానికి తగినట్లు తన్ను తాను దిద్దుకుంటుంది. ఈ సత్యాన్ని మన దేహంలోని ఎముకను ఉదాహరణగా తీసుకొని వివరించడం ఈ పాఠం ఉద్దేశం. ఇది వైజ్ఞానిక వ్యాసం. శాస్త్రవిషయాన్ని సులభమైన తెలుగులో, తెలిసిన పోలికలతో చెప్పడం ఈ ప్రక్రియ లక్షణం.

పాఠం

వృత్రాసురుని ధాటికి నిలువలేక దేవతలు దధీచి మహర్షిని ఆశ్రయించిన కథ మనకు తెలిసినదే. లోకహితం కోసం ఆ మహర్షి యోగమార్గంలో దేహాన్ని విడిచాడు. ఆయన ఎముకలతో విశ్వకర్మ వజ్రాయుధాన్ని నిర్మించాడు. ఆంధ్ర మహాభాగవతంలోని షష్ఠస్కంధంలో ఏర్చూరి సింగన ఈ కథను తెనిగించాడు. ఈ కథ చెప్పినప్పుడల్లా మనం దధీచి త్యాగాన్ని, పరోపకార బుద్ధిని కొనియాడతాం. అది సముచితమే. అయితే ఇందులో మరొక విశేషం ఉన్నది. దధీచి ఎముకలకు అంతటి బలం పుట్టుకతో వచ్చినది కాదు. విద్య, వ్రతం, తపస్సు అనే సాధనల వల్ల ఆ దేహానికి సారం చేకూరిందని పురాణం చెబుతున్నది. అంటే ఎముక బలం సాధనతో వచ్చేదన్నమాట. పురాణకర్త దీనిని ఏ భావంతో చెప్పినా, నేటి జీవశాస్త్రం తన పద్ధతిలో ఇంచుమించు ఇదే మాటను రుజువు చేసింది.

సాధారణంగా ఎముక అనగానే మనకు జడపదార్థం స్ఫురిస్తుంది. ప్రయోగశాలలో వేలాడే అస్థిపంజరాన్ని చూసి ఎముక అంటే ఎండిన కట్టె వంటిదని అనుకుంటాం. ఇది పొరపాటు. పల్లెల్లో మట్టిలో గడ్డి కలిపి తొక్కి గోడ పెట్టేవారు. మట్టి బరువును ఆపుతుంది. గడ్డి గోడను పగులనీయదు. ఎముక నిర్మాణం కూడా అటువంటిదే. కాల్షియం, ఫాస్ఫేటు కలిసిన ఖనిజం మట్టివలె గట్టిదనాన్ని ఇస్తుంది. కొల్లాజెన్ అనే మాంసకృత్తి పోగులు గడ్డివలె పట్టును ఇస్తాయి. ఒక కోడి ఎముకను కొన్ని రోజులు వెనిగర్‌లో నానబెట్టి చూడండి. ఖనిజం కరిగిపోయి, పోగులు మాత్రమే మిగిలి, ఎముక రబ్బరువలె వంగుతుంది.

అయితే మట్టిగోడకు, ఎముకకు ఒక గొప్ప భేదం ఉన్నది. గోడ తన్ను తాను మరమ్మతు చేసుకోలేదు. ఎముక చేసుకోగలదు. ఎముకలో మూడు రకాల కణాలు నిరంతరం పనిచేస్తుంటాయి. పాత ఎముకను కరిగించి తొలగించేవి ఆస్టియోక్లాస్టులు. కొత్త ఎముకను కట్టేవి ఆస్టియోబ్లాస్టులు. కట్టిన ఎముకలోనే చిక్కుకొని, అక్కడే స్థిరపడి, ఏళ్ళ తరబడి కాపురముండేవి ఆస్టియోసైట్లు. ఎముకలోని కణాలలో నూటికి తొంభైకి పైగా ఈ మూడవ రకానివే. కూల్చేవారు, కట్టేవారు తమ పని తాము చేసుకుపోవడం వల్ల పెద్దవారిలో ఏడాదికి సుమారు పదోవంతు ఎముక పాతది పోయి కొత్తది వస్తుంది. ఈనాడు మనం మోస్తున్న ఎముకలన్నీ మన చిన్ననాటి ఎముకలు కావు.

మరి ఎక్కడ కూల్చాలో, ఎక్కడ కట్టాలో ఈ కణాలకు ఎవరు చెబుతారు? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి శాస్త్రజ్ఞులకు శతాబ్దాలు పట్టింది.

ఎముక ఆకారానికి, అది మోసే బరువుకు సంబంధం ఉన్నదని గెలీలియో 1638లో ప్రకటించిన గ్రంథంలోనే చర్చించాడు. తరువాత 1866లో స్విట్జర్లాండు దేశంలోని జ్యూరిక్ నగరంలో ఒక చక్కని సంఘటన జరిగింది. హెర్మన్ ఫాన్ మేయర్ అనే శరీరశాస్త్రజ్ఞుడు తొడ ఎముకను నిలువుగా కోసి, దాని పైభాగంలో ఉండే సన్నని ఎముక పలకల అమరికను పండితుల సభలో చూపాడు. ఆ పలకలు చిందరవందరగా లేవు. విల్లులు వంచినట్లు వరుసలు తీరి ఉన్నాయి. ఆ సభలో కార్ల్ కుల్మన్ అనే ఇంజనీరు ఉన్నాడు. వంతెనలను, బరువులెత్తే క్రేన్లను లెక్కగట్టడంలో ఆయన నిపుణుడు. తొడ ఎముక ఆకారంలో ఉన్న క్రేనుపై బరువు వేస్తే బలం ఏయే రేఖల వెంట ప్రసరిస్తుందో, ఎముకలోని పలకలు సరిగా ఆ రేఖల వెంటనే ఉన్నాయని ఆయన గుర్తించాడు. ఏ ఇంజనీరింగు కళాశాలలోనూ చదువని ఎముక, తక్కువ పదార్థంతో ఎక్కువ బరువు మోసే నేర్పును తనంతట తానే సంపాదించుకున్నది.

బెర్లిన్ నగరానికి చెందిన శస్త్రవైద్యుడు యూలియస్ వోల్ఫ్ ఈ విషయాన్ని ఎన్నో ఏళ్ళు పరిశోధించి 1892లో ఒక గ్రంథం ప్రచురించాడు. ఎముకపై పడే బలం మారితే ఎముక నిర్మాణం కూడా అందుకు అనుగుణంగా మారుతుందని ఆయన సిద్ధాంతం. దీనినే వోల్ఫ్ నియమం అంటారు. ఆయన చెప్పిన గణిత వివరాలన్నీ నిలువకపోయినా మూలభావం నేటికీ నిలిచి ఉన్నది.

ఈ నియమానికి నిదర్శనాలు మన కళ్ళముందే ఉన్నాయి. టెన్నిస్ ఆటగాళ్ళు ఒకే చేతితో బంతిని కొడతారు. వారి రెండు చేతులకు తిండి ఒకటే, రక్తం ఒకటే, వంశం ఒకటే. వ్యత్యాసమల్లా ఒక చేతిపై దెబ్బ పడుతుంది, మరొక చేతిపై పడదు. 1977లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఇటువంటి క్రీడాకారుల ఎక్స్‌రేలను పరిశీలించారు. పురుషులలో ఆడే చేతి పై ఎముక గోడ రెండవ చేతి ఎముక గోడ కన్న సుమారు 35 శాతం, స్త్రీలలో సుమారు 28 శాతం మందంగా ఉన్నట్లు తేలింది. ఒకే దేహంలో రెండు చేతులు రెండు పాఠాలు నేర్చుకున్నాయి.

దీనికి వ్యతిరేకమైన నిదర్శనం అంతరిక్షంలో లభిస్తుంది. భూమిపై మనం నిలుచున్నా, నడిచినా గురుత్వాకర్షణ వల్ల మన బరువు మన ఎముకలపై పడుతుంది. అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు భారరహిత స్థితిలో తేలుతుంటారు. అక్కడ కాళ్ళకు పని లేదు. పని లేని ఎముకను దేహం పోషించదు. తగిన వ్యాయామం లేకపోతే వ్యోమగామి తుంటి ఎముక నుండి నెలకు 1 నుండి 1.5 శాతం దాకా ఖనిజం తరిగిపోతుంది. వృద్ధ స్త్రీలు ఇంచుమించు ఒక ఏడాదిలో పోగొట్టుకునేంత ఎముకను వారు ఒక్క నెలలో పోగొట్టుకుంటారు. అందువల్లనే వారు దినానికి రెండు గంటలకు పైగా యంత్రాల సాయంతో బరువులను లాగుతూ వ్యాయామం చేస్తారు. కండరాల సంగతి కూడా ఇంతే. 2025లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్ళిన భారతీయుడు శుభాంశు శుక్లా అక్కడ చేసిన ప్రయోగాలలో, భారరహిత స్థితిలో కండరాల మూలకణాలు ఎలా ప్రవర్తిస్తాయో తెలుసుకునే ప్రయోగం ఒకటి.

అంత దూరం వెళ్ళనక్కరలేదు. కాలు విరిగి సిమెంటు కట్టు వేయించుకున్న మిత్రుడు మీ తరగతిలోనే ఉండవచ్చు. కట్టు విప్పిన నాడు ఆ కాలు రెండవ కాలి కన్న సన్నబడి కనిపిస్తుంది. పైకి కనిపించేది కండ తగ్గడం; కంటికి కనిపించకుండా లోపల ఎముక కూడా పలుచబడి ఉంటుంది. మళ్ళీ నడక మొదలైతే రెండూ క్రమంగా కోలుకుంటాయి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. కంటికి కనిపించని కణానికి తనపై బరువు పడిందని ఎలా తెలుస్తుంది? ఆస్టియోసైట్లు ఎముకలో చిన్నచిన్న గదులలో ఉంటాయి. ఒక గది నుండి మరొక గదికి సన్నని సొరంగాలు ఉంటాయి. కణాలు ఆ సొరంగాలలోకి తమ చేతులు చాచి, పొరుగు కణాల చేతులను పట్టుకొని ఉంటాయి. సొరంగాలలో ద్రవం నిండి ఉంటుంది. మనం అడుగు వేసినప్పుడు ఎముక రవ్వంత వంగుతుంది. తడిగుడ్డను పిండితే నీరు కదిలినట్లు, ఆ ఒంపుతో ద్రవం సొరంగాలలో ఒక వైపు నుండి మరొక వైపుకు జారుతుంది. ఆ ప్రవాహపు రాపిడిని ఆస్టియోసైట్లు పసిగడతాయి. కాలువ గట్టున కూర్చొని నీటి వేగాన్ని బట్టి ఎగువన పడిన వాన తెలుసుకునే రైతువలె, ఈ కణాలు ద్రవం కదలికను బట్టి బరువును అంచనా వేస్తాయి.

పసిగట్టడానికి వాటికి ఒక తలుపు వంటి సాధనం కావాలి. ఆ తలుపు ఏదో చాలాకాలం తెలియలేదు. అమెరికాలో పరిశోధిస్తున్న ఆర్డెమ్ పటపూటియన్, ఆయన సహచరుడు బెర్ట్రాండ్ కోస్ట్ కలిసి దీనిని ఛేదించారు. సన్నని గొట్టంతో పొడిస్తే విద్యుత్ సంకేతం ఇచ్చే కణాలను వారు ఎన్నుకున్నారు. ఆ గుణానికి కారణం కాగలవని అనుమానం ఉన్న జన్యువుల జాబితా తయారుచేసి, ఒక్కొక్కదాన్ని పనిచేయకుండా ఆపి, కణాన్ని మళ్ళీ పొడిచి చూశారు. ఒక జన్యువును ఆపినా కణం స్పందించింది. మరొకదాన్ని ఆపినా స్పందించింది. ఇలా సాగిన అన్వేషణ 72వ జన్యువు దగ్గర ఫలించింది. దానిని ఆపగానే కణం మౌనం వహించింది. ఆ జన్యువు తయారుచేసే మాంసకృత్తికి వారు పియెజో అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో ఆ మాటకు నొక్కడం అని అర్థం. ఈ పరిశోధన 2010లో వెలువడింది. దీనికే 2021లో పటపూటియన్‌కు, వేడిని గుర్తించే సాధనాన్ని కనుగొన్న డేవిడ్ జూలియస్‌తో కలిపి నోబెల్ బహుమతి లభించింది. లెబనాన్ దేశంలో పుట్టి, అంతర్యుద్ధ కాలంలో యువకుడిగా అమెరికా చేరిన పటపూటియన్ ఓర్పుకు ఇది తగిన ఫలం.

పియెజో కణపు పొరలో మూడు రెక్కల పంకావలె అమరి ఉంటుంది. పొర సాగినప్పుడు రెక్కలు చదునై, నడిమి ద్వారం తెరుచుకుంటుంది. కాల్షియం అయానులు లోపలికి దూసుకుపోతాయి. అంతటితో బలం అనే బయటి వార్త రసాయన సంకేతం అనే లోపలి భాషలోకి అనువాదమవుతుంది. ఒక భాషలోని భావాన్ని మరొక భాషలోకి తెచ్చే అనువాదకుని పనినే ఈ అణువు క్షణంలో వేయోవంతు కాలంలో చేస్తుంది. ఎలుకల ఎముక కణాలలో పియెజో లేకుండా చేస్తే వాటి ఎముకలు పలుచబడ్డాయని 2019లో వెలువడిన పరిశోధనలు తెలిపాయి.

వార్త అందిన తరువాత ఆస్టియోసైట్ ఏమి చేస్తుంది? తాను స్వయంగా కట్టదు, కూల్చదు. ఆజ్ఞ మాత్రం ఇస్తుంది. స్క్లెరోస్టిన్ అనే మాంసకృత్తి ఆ ఆజ్ఞలలో ముఖ్యమైనది. అది ఎముక కట్టే కణాలకు ఇక చాలు, ఆపండి అని చెప్పే సంకేతం. ఎముకపై బరువు పడుతున్నంత కాలం ఆస్టియోసైట్లు స్క్లెరోస్టిన్‌ను తక్కువగా విడుదల చేస్తాయి. కట్టే పని సాగుతుంది. బరువు లేనప్పుడు ఎక్కువగా విడుదల చేస్తాయి, పని ఆగుతుంది. దక్షిణాఫ్రికాలోని కొన్ని కుటుంబాలలో ఈ మాంసకృత్తి తయారుకాని వంశపారంపర్య వ్యాధి ఉన్నది. వారి ఎముకలు అత్యంత దృఢంగా ఉంటాయి. కాని ఆపేవారు లేని పెరుగుదల కూడా కీడే. కపాలపు ఎముక మందమై నరాలను నొక్కడం వల్ల వారికి చెవుడు, ముఖపక్షవాతం కలుగుతాయి. ఆ వ్యాధికి కారణమైన జన్యువును 2001లో గుర్తించారు. ఆ జ్ఞానమే మందుగా మారింది. స్క్లెరోస్టిన్‌ను అడ్డుకొనే రోమోసోజుమాబ్ అనే ఔషధాన్ని, ఎముకలు గుల్లబారిన స్త్రీల చికిత్సకు 2019లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది.

బలం ఎంత కాలం పడాలి అనే ప్రశ్న కూడా ఆసక్తికరమైనదే. 1984లో క్లింటన్ రూబిన్, లాన్స్ లాన్యన్ అనే పరిశోధకులు పక్షుల రెక్క ఎముకపై ప్రయోగాలు చేశారు. కదలిక లేని ఎముక పలుచబడింది. దినానికి నాలుగుసార్లు మాత్రమే బలం ప్రయోగిస్తే తరుగుదల ఆగింది. 36 సార్లు ప్రయోగిస్తే కొత్త ఎముక చక్కగా పెరిగింది. అయితే 1800 సార్లు ప్రయోగించినా అంతకు మించిన లాభం కలుగలేదు. కదలకుండా నిలిచి ఉండే బరువు వల్ల కూడా ప్రయోజనం లేదని వారు గమనించారు. ఎముకకు కావలసినది మారుతుండే బలం. ఒకే తీరుగా నిలిచిన భారం కాదు. కొద్దిసేపు గంతులు వేసే బాలిక ఎముక, గంటల తరబడి పుస్తకాల సంచి మోసుకొని నిలుచున్న బాలిక ఎముక కన్న ఎక్కువ నేర్చుకుంటుంది.

అతి సర్వత్ర వర్జయేత్ అన్నారు పెద్దలు. బలం హద్దు మీరితే ఎముక మరమ్మతు వెనుకబడుతుంది. కొత్తగా సైన్యంలో చేరి దీర్ఘమైన కవాతులు చేసిన సైనికుల పాదాల ఎముకలు దెబ్బ తగలకుండానే చిట్లడాన్ని 1855లో ప్రష్యా సైన్య వైద్యుడు బ్రైట్‌హాప్ట్ వర్ణించాడు. బలాన్ని క్రమంగా పెంచాలి. నడుమ విశ్రాంతి ఇవ్వాలి. చదువుకైనా, ఎముకకైనా ఇదే పద్ధతి.

ఇటువంటి స్పందన ఎముకకే పరిమితం కాదు. వంకర పళ్ళకు క్లిప్పులు వేయించుకున్న విద్యార్థులు ఈ వింతను నోటిలోనే మోస్తున్నారు. తీగ పంటిని నెట్టిన వైపు ఎముక కరుగుతుంది. లాగిన వైపు కొత్త ఎముక ఏర్పడుతుంది. పన్ను మెల్లగా జరుగుతుంది. రక్తనాళాల లోపలి కణాలు రక్తప్రవాహపు దిశలో పొడవుగా సాగి అమరుతాయి. ప్రవాహం సుడులు తిరిగే కూడళ్ళలో ఆ క్రమం చెదరి, అక్కడే కొవ్వు ఎక్కువగా పేరుకుంటుంది. 2006లో డెనిస్ డిషర్, ఆడమ్ ఎంగ్లర్ మొదలైన వారు మూలకణాలను మెత్తని జెల్ మీద, గట్టి జెల్ మీద పెంచి చూశారు. మెదడువలె మెత్తనైన నేలపై అవి నరాల కణాల రూపం దాల్చాయి. కండవంటి నేలపై కండర లక్షణాలను, గట్టి నేలపై ఎముక లక్షణాలను పొందాయి. తాను నిలిచిన నేల గట్టిదనాన్ని బట్టి కణం తన భవిష్యత్తును నిర్ణయించుకోగలదని దీనివల్ల తెలిసింది.

కణాలకు ఉన్న ఈ స్వభావాన్ని వైద్యానికి వాడుకున్న మహనీయుడు గావ్రిల్ ఇలిజరోవ్. సైబీరియాలోని కుర్గాన్ పట్టణంలో ఆయన పనిచేశాడు. విరిగిన కాలి చుట్టూ లోహపు వలయాలు అమర్చి, సన్నని తీగలతో ఎముకను పట్టి ఉంచే పరికరాన్ని 1950 తరువాతి సంవత్సరాలలో రూపొందించాడు. ఎముకను కోసి, రెండు ముక్కలను రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున, అదీ నాలుగు దఫాలుగా దూరం జరిపితే నడుమ కొత్త ఎముక పుట్టుకొస్తుందని ఆయన నిరూపించాడు. త్వరపడి లాగితే నడుమ ఎముక ఏర్పడదు. మరీ ఆలస్యం చేస్తే ముందే అతుక్కుపోతుంది. 1964 ఒలింపిక్స్‌లో హైజంప్ విజేత అయిన వాలెరీ బ్రూమెల్ మరుసటి సంవత్సరం మోటారు సైకిలు ప్రమాదంలో కాలు పోగొట్టుకునే స్థితికి చేరాడు. ఎన్నో శస్త్రచికిత్సలు విఫలమైన తరువాత ఇలిజరోవ్ చికిత్సతో మళ్ళీ నిలబడి, మళ్ళీ గెంతాడు. నేడు మన దేశంలోని ఆసుపత్రులలో కూడా ఈ వలయాల చికిత్స జరుగుతున్నది.

ఈ పాఠం వ్రాస్తున్నప్పుడు నాకు మా అమ్మ గుర్తుకు వచ్చింది. డెబ్బై ఏళ్ళు దాటిన తరువాత ఆమె ఒకసారి జారిపడింది. ఎముక విరుగలేదు. అయినా మేమందరం భయపడి, ప్రేమతో, ఆమెను మంచం దిగనివ్వలేదు. నీళ్ళు చేతికి అందించాం; అన్నం మంచం దగ్గరకే తెచ్చాం. మూడు నెలల తరువాత లేచి నిలబడబోతే కాళ్ళు వణికాయి. మంచం మీద ఉంచి మీరే ఆమెను బలహీనపరిచారని వైద్యుడు మందలించాడు. ఆనాటి నుండి చేయి పట్టుకొని వీధి అరుగు దాకా, తరువాత గుడి దాకా నడిపించాం. పూర్వపు నడక పూర్తిగా తిరిగి రాలేదు. మేము సేవ అనుకున్నది ఆమె ఎముకలకు పస్తు అయిందని నాకు ఆలస్యంగా అర్థమైంది. మీ ఇళ్ళలో తాతయ్యలు, నాయనమ్మలు, అమ్మమ్మలు ఉంటే, వైద్యుడు వద్దన్నప్పుడు తప్ప, వారిని మీ చేయి ఆసరాగా ఇచ్చి నడిపించండి.

ఇక మీ మాట. మనిషి జీవితకాలానికి కావలసిన ఎముక సంపదలో ఎక్కువ భాగం ఇరవై ఏళ్ళ లోపే సమకూరుతుంది. ఆ తరువాతి జీవితమంతా ఆ నిధి నుండి ఖర్చు పెట్టడమే. ఫిన్లాండులో టెన్నిస్, స్క్వాష్ ఆడే స్త్రీలపై జరిపి 1995లో ప్రచురించిన పరిశోధన ఒకటి ఉన్నది. యుక్తవయస్సు రాకముందో, వచ్చే సమయానికో ఆట మొదలుపెట్టిన వారికి, ఆ తరువాత మొదలుపెట్టిన వారి కన్న ఎముక లాభం సుమారు రెండింతలని అందులో తేలింది. మొక్కై వంగనిది మానై వంగునా అనే సామెత ఎముకకు అక్షరాలా వర్తిస్తుంది. మీరు ఇప్పుడు ఆ నిధి నింపుకొనే వయస్సులో ఉన్నారు. ఉదయం నుండి రాత్రి వరకు కుర్చీకి అంటుకొని ప్రవేశపరీక్షలకు చదివే విద్యార్థి మెదడుకు మాత్రమే పాఠం చెబుతున్నాడు. ఎముకకు ఏ పాఠమూ చెప్పడం లేదు. ఆటపాటలను చదువుకు శత్రువులుగా భావించే తల్లిదండ్రులు, అధ్యాపకులు కూడా ఈ విషయం ఆలోచించాలి. ఆట స్థలం లేని కళాశాలలో మెట్లు ఉంటాయి. తాడు ఒకటి ఉంటే వరండాలోనే దానిని త్రిప్పుతూ గెంతవచ్చు.

దధీచి ఎముకలు ఒక్కనాటిలో వజ్రం కాలేదు. ఆయన సాధన చేసినంత కాలం అవి రూపొందుతూనే ఉన్నాయి. మన ఎముకలూ అంతే. మనం వేసే ప్రతి అడుగును లోపలి కణాలు లెక్కపెట్టుకుంటున్నాయి; వేయని అడుగులను కూడా లెక్కపెట్టుకుంటున్నాయి.

అర్థాలు

ధాటి = దాడి తీవ్రత
సముచితం = తగినది
జడపదార్థం = ప్రాణం లేని వస్తువు
నిదర్శనం = ఉదాహరణ, ఋజువు
ప్రసరించు = వ్యాపించు
పసిగట్టు = గుర్తించు, ఆనవాలు పట్టు
కీడు = చెడు, హాని
పస్తు = ఉపవాసం, తిండి లేకపోవడం

సంధులు

వజ్రాయుధం = వజ్ర + ఆయుధం – సవర్ణదీర్ఘ సంధి
మహర్షి = మహా + ఋషి – గుణసంధి
అత్యంత = అతి + అంత – యణాదేశ సంధి
ఎముకలన్నీ = ఎముకలు + అన్నీ – ఉత్వసంధి

సమాసాలు

అస్థిపంజరం – అస్థుల యొక్క పంజరం – షష్ఠీ తత్పురుష సమాసం
ఆటపాటలు – ఆటలును, పాటలును – ద్వంద్వ సమాసం
మూడు రెక్కలు – మూడు అను సంఖ్యగల రెక్కలు – ద్విగు సమాసం

వ్యాసరూప ప్రశ్నలు

1. ఎముకపై పడిన బలాన్ని కణాలు ఎలా గుర్తించి, ఎలా స్పందిస్తాయో వివరించండి.
2. వోల్ఫ్ నియమాన్ని పాఠంలోని నిదర్శనాలతో సమర్థించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. మేయర్ చూపిన తొడ ఎముకలో కుల్మన్ ఏమి గుర్తించాడు?
2. స్క్లెరోస్టిన్ లేకపోవడం వల్ల కలిగే మేలు, కీడు ఏవి?
3. తన తల్లి విషయంలో రచయిత తెలుసుకున్న సత్యమేమిటి?
4. మీ ఇంట్లోని పెద్దల దినచర్యను ఒక వారం గమనించి, వారి నడక గురించి పది వాక్యాలు వ్రాయండి.